చల్లదనం ఖరీదు: బోస్టన్ మంచుగడ్డ నుంచి మన ఇంటి ఏసీ దాకా



ఉగాది పండుగ వెళ్ళిందంటే చాలు, కొత్తచెరువు, బుక్కపట్నం, పుట్టపర్తి ప్రాంతాల్లోని మధ్యతరగతి ఇళ్ళలో ఒక ప్రశ్న తలెత్తుతుంది: "ఇంట్లో ఏసీ పెట్టించుకుంటే మొత్తం ఎంతవుతుంది?" అంగడికి వెళ్ళి అడిగితే యంత్రం వెల చెబుతారు. అది సమాధానంలో సగం కూడా కాదు. మిగిలిన సగం గోడలో, మీటరులో, నెలనెలా వచ్చే కరెంటు బిల్లులో దాగి ఉంటుంది. చల్లదనానికి మనిషి ఏనాడు ఏ వెల చెల్లించాడో తెలిస్తే నేటి లెక్క తేలికగా అర్థమవుతుంది. అందుకే ముందు చరిత్ర, తరువాత లెక్క చెబుతాను.

ఇది విలాసానికి సంబంధించిన విషయం కాదా అని మీకు అనిపించవచ్చు. 2003 వేసవిలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వడగాలుల వల్ల మూడు వేలకు పైగా ప్రాణాలు పోయాయి. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300కు పైగా మరణాలు నమోదయ్యాయి. ఇటువంటి వేసవుల్లో ముందుగా కూలిపోయేది ఎండలో కూలి చేసేవారు, వృద్ధులు. కాబట్టి చల్లదనం సుఖానికి ఎంతగా సంబంధించినదో ప్రాణానికీ అంతగానే సంబంధించినది.

మిద్దె ఇల్లు, వట్టివేళ్ళ తడిక

అనంతపురం పీఠభూమి సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అత్యల్ప వర్షపాతం గల ప్రాంతంగా దీనికి పేరు. ఇక్కడి ఊళ్ళ పేర్లే నీటి కోసం పడిన తపనను చెబుతాయి. కొత్తచెరువు అన్న పేరులో ఉన్నది చెరువే. పక్కనున్న బుక్కపట్నం పేరులో ఉన్నది విజయనగర ప్రభువు బుక్కరాయలు. ఆ ఊరి పెద్ద చెరువును ఆయన కాలపు నిర్మాణంగానే చెప్పుకుంటారు.

నీరు తక్కువైన ఈ సీమలో మన పూర్వులు ఇంటినే చల్లదనపు సాధనంగా మలచుకున్నారు. రాతితోనూ మట్టితోనూ కట్టిన మందపాటి గోడలు, కొయ్య దూలాలు, వాటిమీద కట్టెలు, ఆకులు పరచి పైన దట్టంగా వేసిన చౌడుమట్టి, వెలుగు కోసం కప్పులో చిన్న గవాక్షి. ఇదే రాయలసీమ మిద్దె. మందమైన మట్టి పగటి వేడిని నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఆ వేడి లోపలికి దిగేలోగా సాయంత్రమవుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ మంచాలు, చాపలు తీసుకుని మిద్దెపైకి చేరేవారు. అంటే పగలు కప్పు కింద, రాత్రి కప్పు పైన. దీనికి కరెంటు ఖర్చు లేదు. ఏటా చౌడు కొత్తగా వేసి తొక్కించే శ్రమే దాని వెల.

ఉన్నవారి పద్ధతి వేరు. పెనుకొండలోని గగనమహలు విజయనగర రాజుల వేసవి విడిదిగా ప్రసిద్ధం. తరువాత వచ్చిన ఇంగ్లీషు దొరలు కొండలెక్కారు. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్లీ దొర వేసవి బసకు ఎంచుకున్న కొండకు ఆయన పేరే నిలిచింది. మద్రాసు ప్రభుత్వమే ఏటా వేసవికి ఊటీకి తరలిపోయేది. కొండకు పోలేనివారి బంగళాలలో ద్వారాలకు వట్టివేళ్ళ తడికలు కట్టి వాటిపై నీళ్ళు చల్లించేవారు. పైన వేలాడే గుడ్డ పంకాను వరండాలో కూర్చున్న కూలీ తాడుతో లాగుతూ ఉండేవాడు. గదిలో దొరకు చల్లగా ఉండేది, బయట పంకా లాగేవానికి చెమట కారేది. చల్లదనానికి ఎవరో ఒకరు వెల చెల్లించవలసిందే అన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

ఓడమీద వచ్చిన మంచు

1833లో అమెరికాలోని బోస్టన్ రేవు నుంచి టస్కనీ అనే ఓడ సుమారు 180 టన్నుల మంచుగడ్డలతో కలకత్తాకు బయలుదేరింది. చలికాలంలో గడ్డకట్టిన చెరువుల నుంచి కోసిన ఆ మంచును రంపపు పొట్టులో పొదిగి పంపించినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నాలుగు నెలల ప్రయాణం చేసి, సుమారు 100 టన్నుల మంచు కరగకుండా చేరింది. 1842లో మద్రాసు సముద్రతీరాన కూడా మంచు నిల్వ చేసేందుకు ఒక భవనం వెలిసింది. అదే ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానందులు బస చేసినది ఆ భవనంలోనే. నేడు అది వివేకానందర్ ఇల్లంగా సందర్శకులకు సుపరిచితం.

పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మీ ఇంటికి తెచ్చే ఏసీని "ఒక టన్ను", "ఒకటిన్నర టన్ను" అంటారు కదా, ఆ టన్ను ఏమిటి? అది యంత్రం బరువు కాదు. ఒక అమెరికన్ టన్ను, అనగా 907 కిలోల మంచు ఇరవైనాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని తొలగించే శక్తికి ఒక టన్ను అని పేరు. అది సుమారు 3.5 కిలోవాట్లకు సమానం. యంత్రాలు వచ్చిన తొలినాళ్ళలో కొనేవారికి మంచుగడ్డల లెక్కే తెలుసు కనుక ఆ భాషే నిలిచిపోయింది. ఒకటిన్నర టన్నుల ఏసీ రోజంతా పూర్తి శక్తితో నడిస్తే మీ పడకగదిలో సుమారు 1,360 కిలోల మంచు కరిగినంత పని చేస్తుంది. అంత మంచును ఓడమీద తెప్పించుకోవడం నాటి జమీందారుకు కూడా సాధ్యమయ్యేది కాదు.

ఒక వైద్యుని యంత్రం

యంత్రంతో మంచును తయారుచేసి గదిని చల్లబరచాలన్న ఆలోచన చేసినవాడు వైద్యుడే. అమెరికాలోని ఫ్లోరిడాలో అపలాచికోలా అనే చిన్న రేవుపట్టణంలో డాక్టర్ జాన్ గోరీ మలేరియా, పచ్చజ్వరం రోగులకు చికిత్స చేసేవాడు. రోగి గదిలో కప్పు దగ్గర పళ్ళెంలో మంచు వేలాడదీస్తే చల్లని గాలి కిందికి దిగుతుందని గమనించాడు. ఉత్తరాది నుంచి మంచు ఓడ రావడం ఆలస్యమైతే రోగులకు దిక్కుండేది కాదు. గాలిని అణచి, తిరిగి వ్యాకోచింపజేస్తే అది చల్లబడుతుంది. ఆ సూత్రంతో మంచు తయారుచేసే యంత్రాన్ని నిర్మించి 1851 మే 6న పేటెంటు పొందాడు. పెట్టుబడి పెట్టేవారు దొరకక, నిరాశతోనే 1855లో కన్నుమూశాడు.

ఆయన ఆలోచనలో ఒక భాగం తప్పు. చెడుగాలి వల్ల మలేరియా వస్తుందన్నది ఆనాటి నమ్మకం. ఆ నమ్మకానికి తెరదించినది మన తెలుగు నేలే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. చల్లని గాలి మలేరియాను నయం చేయదు. కానీ తీవ్రమైన వేడి నుంచి రోగిని కాపాడటం చికిత్సలో భాగమే అన్న గోరీ దృష్టి మాత్రం నేటికీ సరైనదే.

1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్ అచ్చుయంత్రశాలలో తేమ వల్ల కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి సరిగా పడేవి కావు. ఆ చిక్కును తీర్చడానికి విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు గాలి తేమను అదుపుచేసే యంత్రాన్ని రూపొందించాడు. నేటి ఏసీకి అదే మూలపురుషుడు. అంటే ఏసీ తొలుత సేవ చేసింది కాగితానికి, తరువాతే మనిషికి.

మన దేశంలో 1934లో ఫ్రాంటియర్ మెయిల్ రైలులో ఒక పెట్టెను చల్లబరచారు, అదీ పెట్టె అడుగున మంచుదిమ్మలు ఉంచి. 1943లో బ్లూ స్టార్, 1954లో వోల్టాస్ సంస్థలు ఏర్పడి కార్యాలయాలకు, సినిమాహాళ్ళకు, తరువాత ఇళ్ళకు ఏసీలను చేర్చాయి. చాలాకాలం ఇది విలాసవస్తువే. వస్తుసేవల పన్నులో కూడా 28 శాతం శ్రేణిలోనే ఉండి, 2025 సెప్టెంబరు 22 నుంచి మాత్రమే 18 శాతానికి దిగింది.

ఇక లెక్కకు వద్దాం

ఏసీ ఖర్చును నాలుగు పద్దులుగా రాసుకోండి.

మొదటిది యంత్రం. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ నేటి ధరల్లో రమారమి రూ.35,000 నుంచి రూ.45,000 వరకు ఉంటుంది. పదడుగుల చిన్న గదికి ఒక టన్ను చాలు. అయితే గది పై అంతస్తులో ఉండి, కప్పు నేరుగా ఎండకు గురవుతుంటే ఒకటిన్నర టన్నులు అవసరం కావచ్చు. అవసరానికి మించిన టన్నులు కొనడం ఆరోగ్యం కాదు, ఆదా అంతకంటే కాదు.

రెండవది బిగింపు. గోడకు రంధ్రం, బయటి యంత్రానికి స్టాండు, రాగి గొట్టం, నీరు కారే పైపు. కొంత రాగి గొట్టం యంత్రంతోనే వస్తుంది. బయటి యంత్రం దూరమైన కొద్దీ అదనపు గొట్టానికి మీటరు చొప్పున సొమ్ము పడుతుంది. కాబట్టి యంత్రాన్ని కొనకముందే రెండు భాగాలు ఎక్కడ ఉండాలో నిర్ణయించుకోండి.

మూడవది విద్యుత్ ఏర్పాటు. పాత ఇళ్ళలో ఫ్యాను, దీపాలకు వేసిన సన్నని తీగ ఏసీని మోయలేదు. ఒకటిన్నర టన్నుల యంత్రానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ప్రత్యేకమైన ఎం.సి.బి., నమ్మకమైన ఎర్తింగు ఉండాలి. మీ మీటరుకు మంజూరైన లోడు ఒక కిలోవాటే అయితే విద్యుత్ కార్యాలయంలో రుసుము చెల్లించి దానిని పెంచుకోవాలి. ఈ పద్దును తగ్గించబోయి నాసిరకం తీగతో సరిపెట్టుకోవద్దు. కాలిన తీగకు చెల్లించే వెల రూపాయల్లో ఉండదు.

నాల్గవదే అసలైనది: కరెంటు బిల్లు. 2022లో సవరించిన రాష్ట్ర గృహ విద్యుత్ రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు యూనిటు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. మీ ఇల్లు ఏసీ లేకుండా నెలకు 120 యూనిట్లు వాడుతుందనుకుందాం. బిల్లు రూ.394.50. ఇప్పుడు మూడు నక్షత్రాల ఏసీని రాత్రి ఎనిమిది గంటల చొప్పున నెలరోజులు నడిపితే సుమారు 200 యూనిట్లు అదనం అనుకుందాం. మొత్తం 320 యూనిట్లకు బిల్లు రూ.1,848.25. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు వేరు. ఏసీ తెచ్చిన అదనం రూ.1,453.75.

గమనించారా? ఏసీకి ముందు మీ యూనిటు సగటు రూ.3.30 కూడా లేదు. ఏసీ కాల్చిన యూనిటు మాత్రం రూ.7.27 పడింది. కారణం, అది ఎప్పుడూ పై మెట్టుమీదనే కూర్చుంటుంది. ఏడాదికి నాలుగు నెలలు నడిపితే రూ.5,815. పదేళ్ళకు, రేట్లు ఒక్క పైసా పెరగకపోయినా, రూ.58,000 దాటుతుంది. అంటే యంత్రం వెల కంటే దానిని నడిపే వెలే ఎక్కువ.

ఇదే సూత్రం నక్షత్రాలకూ వర్తిస్తుంది. ఐదు నక్షత్రాల యంత్రం నెలకు 50 యూనిట్లు మిగిల్చిందనుకోండి. ఆ 50 యూనిట్లు పై మెట్టు నుంచే తగ్గుతాయి కనుక నెలకు రూ.437.50, ఏడాదికి రూ.1,750 మిగులుతుంది. రెండింటి ధరలో తేడా రూ.8,000 అయితే అయిదేళ్ళలోపే తిరిగి వస్తుంది. ఏడాదికి ఒక నెల మాత్రమే వాడేవారికి ఆ తేడా తిరిగి రావడానికి పద్దెనిమిదేళ్ళు పడుతుంది. కనుక దుకాణదారు సలహా కంటే మీ వాడకమే ముఖ్యం. ఇంధన సామర్థ్య సంస్థ లెక్క ప్రకారం ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. 2020 జనవరి నుంచి అమ్మే నక్షత్రాల ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం అందుకే వచ్చింది. 26 డిగ్రీలకు పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే శరీరానికి అంతే హాయి.

కూలరు సంగతి

మన పొడి గాలిలో కూలరు బాగానే పనిచేస్తుంది. నెల్లూరు, విజయవాడల ఉక్కపోతలో అది అంతగా పనికిరాదు. ఒక లీటరు నీరు ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడిని పట్టుకుపోతుంది. వట్టివేళ్ళ తడిక, మట్టికుండ, మన చెమట, అన్నింటిదీ ఇదే సూత్రం. కానీ ఒకటిన్నర టన్నుల ఏసీకి సరితూగాలంటే గంటకు దాదాపు ఎనిమిది లీటర్లు ఆవిరి కావాలి. పది గంటలకు ఎనభై లీటర్లు, అనగా అయిదారు బిందెలు. తాగునీటి ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఈ అయిదారు బిందెలు చిన్న విషయం కాదు. కరెంటు చౌక అయిన చోట నీరు ఖరీదు. మన సీమలో చల్లదనపు లెక్క రెండు చేతులతో వేయవలసిందే.

ఎవరికి నిజంగా అవసరం?

వైద్యునిగా నా సలహా ఇది. ఇంట్లో అరవై అయిదు దాటిన పెద్దలు, గుండె లేదా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, పసిబిడ్డలు, గర్భిణులు ఉంటే ఒక్క గది చల్లగా ఉంచడం ఔషధంతో సమానం. మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారి శరీరం వేడిని తట్టుకోలేదు. వారి విషయంలో మీ వైద్యుణ్ణి వేసవికి ముందే సంప్రదించండి. సొంతంగా మందులు ఆపవద్దు. ఇంట్లో ఇటువంటివారు ఎవరూ లేకపోతే, ఏసీ సొమ్ములో కొంత భాగాన్ని కప్పుమీద ఖర్చుపెట్టడం మేలు.

నేటి ఆర్.సి.సి. మిద్దె పగలంతా ఎండను తాగి రాత్రి మనమీద కక్కుతుంది. పాత చౌడుమిద్దె సుగుణం దానికి లేదు. దానిపై తెల్లని సున్నమో, వేడిని తిప్పికొట్టే తెల్లరంగో వేస్తే కింది గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది ఈ శాస్త్రం ఆధారంగానే. ఏసీ పెట్టించుకునేవారికి కూడా ఇది లాభమే, చల్లని కప్పు కింద చిన్న ఏసీ సరిపోతుంది.

గాలి వేడి 40 డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను ఒంటిని చల్లబరచదు, పైపెచ్చు వేడిగాలిని కొడుతుంది. అప్పుడు ఒంటికి తడిగుడ్డ చుట్టుకుని, నీళ్ళు, మజ్జిగ తాగుతూ నీడపట్టున ఉండాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడి, స్పృహ తప్పుతుంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేసి, వాహనం వచ్చేదాకా ఊరుకోక ఒంటినిండా నీళ్ళు పోసి విసరండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్ళు పోయవద్దు. ముందు చల్లబరచడం, తరువాత తరలించడం.

చివరిగా ఒక మాట. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ పనుల్లో గునపం పట్టే చేతులకు ఏ టన్నుల ఏసీ వర్తించదు. ఏసీ మన గదిలోని వేడిని వీధిలోకి నెడుతుందే తప్ప మాయం చేయదు. నాడు వరండాలో పంకా లాగినవాని చెమట ఎలా లెక్కకు రాలేదో, నేడు మన ఏసీ వెనుక వీధిలో నడిచేవాని చెమట కూడా లెక్కకు రావడం లేదు. కాబట్టి బయటి యంత్రం ముఖం పొరుగింటి కిటికీవైపు కాకుండా చూడండి. ఇంటి ముందు ఒక వేపచెట్టు, ఒక నీళ్ళకుండ ఉంచండి. మధ్యాహ్నం తలుపు తట్టే కూలీనో, తపాలా ఉద్యోగినో కాసేపు నీడలో కూర్చోమనండి. మీరు రాసుకున్న అంచనా కాగితంలో ఈ పద్దును కూడా చేర్చండి. దీనికయ్యే ఖర్చు మిగిలిన నాలుగింటికంటే చాలా తక్కువ.